గల్లాకు చిల్లు ఎక్కడ పడింది? చిన్న కారోబార్‌లో ‘కైజెన్’ మొదలుపెట్టడం ఎలా

రోజంతా గిరాకీ ఉంటుంది. సాయంత్రం కౌంటర్ దగ్గర నిలబడటానికి చోటుండదు. అయినా నెలాఖరుకు కిరాయి, కరెంటు బిల్లు, కారీగర్ల జీతాలు, సరుకు ఇచ్చిన షావుకారు బాకీ కట్టేసరికి యజమాని చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ అయినా, కర్నూలులో బైక్ మెకానిక్ షెడ్డయినా, గుంటూరులో టైలరింగ్ దుకాణమైనా ఈ మాట తరచూ వినిపించేదే. దీనికి చాలామంది చెప్పుకునే కారణాలు రెండు. ఒకటి పోటీ పెరిగిందని. రెండోది పనివాళ్లు సరిగా లేరని. మొదటిదాంట్లో కొంత నిజముంది. రెండోది చాలాసార్లు నిజం కాదు.

డబ్బు పోయే దారి వేరే ఉంది. మాడిపోయిన ఒక ట్రే. పానా వెతకడంలో పోయిన పావుగంట. కొలత తప్పి రెండోసారి విప్పి కుట్టిన షేర్వానీ. సీజన్ అయిపోయాక అటక మీద మిగిలిపోయిన బట్ట. విడివిడిగా చూస్తే ఇవేవీ పెద్దవి కావు. అందుకే ఎవరూ లెక్క రాయరు. లెక్క రాయరు కాబట్టి ఎవరికీ కనిపించవు.

ఇలాంటి చిన్న నష్టాలను రోజూ కాస్త కాస్త తగ్గించుకుంటూ పోయే పద్ధతికి జపాన్ వాళ్లు పెట్టుకున్న పేరు కైజెన్. ‘కై’ అంటే మార్పు, ‘జెన్’ అంటే మంచి. మసాకి ఇమాయ్ అనే జపాన్ నిపుణుడు 1986లో ఇదే పేరుతో పుస్తకం తెచ్చాక ఈ మాట ప్రపంచమంతా పాకింది. పేరు ఎంత కొత్తగా ఉన్నా విషయం మాత్రం సాదాసీదా. పని చేసే మనిషే ఆ పనిలో లోపం పట్టుకోవాలి. ఖర్చు లేకుండానో, తక్కువ ఖర్చుతోనో దాన్ని సరిచేయాలి. ఫలితం ఎలా ఉందో లెక్కలో చూసుకోవాలి. బాగుంటే దాన్నే పద్ధతిగా పెట్టుకోవాలి. ఆ తర్వాత ఇంకో లోపం మీదికి పోవాలి. దీనికి ‘అయిపోయింది’ అనేది ఉండదు. అందుకే నిరంతర మెరుగుదల అంటారు.

చేతిలో డబ్బు లేనప్పుడు పుట్టిన పద్ధతి

ఇదంతా పెద్ద కంపెనీల వ్యవహారం, మనకెందుకు అని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే సంగతి తిరగబడి ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని కొత్తవాళ్లు లక్షల మంది వచ్చారు. కొత్త యంత్రాలు కొనే వీలు లేదు. ఉన్న మనుషులతో, ఉన్న యంత్రాలతో, ఉన్న సరుకుతోనే ఎక్కువ పని ఎలా తీయాలో సూపర్‌వైజర్లకు నేర్పేందుకు 1940లో అక్కడి ప్రభుత్వం ఒక శిక్షణ మొదలుపెట్టింది. యుద్ధం ముగిశాక ఆ శిక్షణనే అమెరికా అధికారులు ఓడిపోయిన జపాన్‌కు తీసుకెళ్లారు. 1950లో ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికా గణాంక నిపుణుడు జపాన్ ఇంజినీర్లకు, కంపెనీ పెద్దలకు నాణ్యత మీద పాఠాలు చెప్పాడు. మరుసటి ఏడాదే ఆయన పేరుతో జపాన్‌లో ఒక బహుమతి పెట్టారు. అమెరికా అవసరం తీరాక పక్కన పెట్టిన పాఠాన్ని జపాన్ వదలకుండా పట్టుకుంది.

ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చిన టొయోటా కూడా మొదట్లో కార్ల కంపెనీ కాదు. మగ్గాలు తయారుచేసిన కుటుంబం అది. సాకిచి టొయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గంలో ఒక విశేషం ఉంది. దారం తెగిందంటే మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. దీనివల్ల ఎంత లాభమో సిరిసిల్ల మరమగ్గాల వాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. తెగిన దారంతో గజాల కొద్దీ చెడ్డ బట్ట నేయడం తప్పుతుంది. ప్రతి మగ్గం పక్కనా ఒక మనిషి కాపలా ఉండే పనీ తప్పుతుంది.

తర్వాత కార్ల ఫ్యాక్టరీలో ఇదే సూత్రాన్ని మనుషులకు వర్తింపజేశారు. లైన్ మీద పనిచేసే కార్మికుడికి తప్పు కనిపిస్తే పక్కనున్న తాడు లాగుతాడు. బృందం పెద్ద పరుగెత్తుకొస్తాడు. వెంటనే సరికాకపోతే లైన్ ఆగిపోతుంది. తాడు లాగినందుకు తిట్లు ఉండవు. మన దుకాణాలకు ఇక్కడే పెద్ద తేడా వస్తుంది. ఇక్కడ పిల్లాడు ‘ఉస్తాద్, ఇది సరిగా రావట్లేదు’ అంటే, ‘నీకేం తెలుసు, చెప్పింది చెయ్’ అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది. రెండుసార్లు ఆ జవాబు విన్నవాడు మూడోసారి నోరు తెరవడు. ఏది ఎక్కడ పాడవుతుందో రోజూ కళ్లారా చూసేది మాత్రం వాడే.

ఈ పద్ధతి మన దేశంలోకి వచ్చిన తలుపు కూడా దగ్గర్లోనే ఉంది. కార్మికులే చిన్న చిన్న బృందాలుగా కూర్చుని తమ పనిలో సమస్యలను పరిష్కరించుకునే ‘క్వాలిటీ సర్కిల్’ జపాన్‌లో 1962లో మొదలైంది. భారతదేశంలో 1980లో హైదరాబాద్ రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్‌లో మొదలైంది. రెండేళ్లకు దీన్ని ప్రచారం చేయడానికి ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియాకు సికింద్రాబాద్‌లోనే కేంద్ర కార్యాలయం ఉంది. అంటే నలభై ఏళ్లకు పైగా ఈ విద్య మన వీధి చివరే ఉంది. చిన్న దుకాణం గడప మాత్రం పెద్దగా దాటలేదు.

మాడిన ట్రే వెనక ఐదు ‘ఎందుకు’లు

ఒక బేకరీని ఊహించుకుందాం. రోజుకు 60 ట్రేల ఉస్మానియా బిస్కెట్లు కాలుస్తారు. మూడు ట్రేలు మాడుతున్నాయి. ట్రేకు రెండు కిలోలు వేసుకుంటే రోజుకు ఆరు కిలోలు. మైదా, వెన్న, చక్కెర, గ్యాస్ అన్నీ కలిపి కిలోకు 150 రూపాయల ఖర్చు అనుకుంటే రోజుకు 900 పోతున్నట్టు. నెలకు 27,000. ఒక కారీగర్‌కు జీతం ఇవ్వగలిగినంత డబ్బు డబ్బాలో మాడి పోతోంది. ‘రోజుకు రెండు మూడు ట్రేలే కదా’ అన్నంతకాలం ఈ అంకె ఎవరికీ కనిపించదు.

ఇప్పుడు యజమాని ముందు మామూలుగా రెండు దారులు ఉంటాయి. పొయ్యి దగ్గరున్న కుర్రాణ్ని తిట్టడం. లేదంటే పొయ్యి పాతదైపోయిందని అప్పు చేసి కొత్తది తేవడం. టొయోటాలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచి ఓనో అయితే రెండూ వద్దనేవాడు. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగితే గానీ అసలు కారణం దొరకదన్నది ఆయన పాఠం.

బిస్కెట్లు ఎందుకు మాడాయి? పొయ్యి వెనక మూల వేడి ఎక్కువ, ట్రేని మధ్యలో తిప్పలేదు. ఎందుకు తిప్పలేదు? ఆ సమయానికి కుర్రాడు పొయ్యి దగ్గర లేడు. ఎందుకు లేడు? కౌంటర్ నుంచి పిలుపు వస్తే సాయానికి వెళ్లాడు. కౌంటర్‌లో సాయం ఎందుకు కావాల్సి వచ్చింది? సాయంత్రం చాయ్ వేళ రద్దీలో అక్కడున్నాయన గిరాకీ అడిగినప్పుడల్లా బిస్కెట్లు తూచి ప్యాక్ చేస్తూ కూర్చున్నాడు. ముందే ఎందుకు ప్యాక్ చేసి పెట్టలేదు? మధ్యాహ్నం ఖాళీగా ఉన్న గంటలో ఆ పని చేయాలని ఎవరూ చెప్పలేదు.

పొయ్యి దగ్గర మొదలైన ప్రశ్న ప్యాకింగ్ బల్ల దగ్గర తేలింది. మధ్యాహ్నం రెండింటికి పావు కిలో, అర కిలో ప్యాకెట్లు కట్టి పెట్టుకుంటే సాయంత్రం కుర్రాడు పొయ్యి వదలక్కర్లేదు. పెట్టుబడి సున్నా. మూడు ట్రేలు ఒకటికి తగ్గినా నెలకు 18,000 మిగులుతుంది. వడ్డీ అప్పు జోలికి పోకూడదనుకునే కుటుంబాలకు ఈ లెక్క మరీ ముఖ్యం. కొత్త యంత్రం కొనే ముందు పాత యంత్రం చుట్టూ జరుగుతున్నదాన్ని చూసుకోవడం ఉచితం.

ఒక్క జాగ్రత్త కావాలి. ఐదు ‘ఎందుకు’లూ పని మీద వేయాలి, మనిషి మీద కాదు. ‘వాడు బద్ధకస్తుడు కాబట్టి’ అనే జవాబు దగ్గర ఆగిపోయిన దుకాణంలో ట్రేలు మాడుతూనే ఉంటాయి. ఆ కుర్రాణ్ని తీసేసి ఇంకొకణ్ని పెట్టినా, సాయంత్రమయ్యేసరికి వాణ్నీ కౌంటర్ నుంచి పిలుస్తారు.

పానాకు కూడా ఒక చోటు

బైక్ మెకానిక్ షెడ్డులో ఎక్కువగా పోయేది సమయం. పది పన్నెండు పానా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఒకరి దగ్గర అడుగుతారు, ఇంకొకరి బండి కింద దొరుకుతుంది. నలుగురు మెకానిక్‌లు రోజుకు ఇరవై నిమిషాల చొప్పున వెతికారనుకోండి. 26 పనిరోజులకు దాదాపు 35 గంటలు. ఒక మనిషి నాలుగు రోజులకు పైగా చేసే పని ఊరికే పోయినట్టు.

దీనికి జపాన్ పద్ధతిలో ‘ఫైవ్ ఎస్’ అంటారు. ఐదు జపాన్ మాటలు, అన్నీ ‘స’తోనో ‘ష’తోనో మొదలవుతాయి. అక్కర్లేనిది తీసేయాలి. ఉన్నదానికి చోటు పెట్టాలి. శుభ్రం చేయాలి. ఈ మూడింటినీ రోజువారీ పద్ధతిగా రాసుకోవాలి. అది అలవాటుగా నిలబడేలా చూసుకోవాలి. చాలాచోట్ల మొదటి వారం ఊడ్చి, కడిగి, ఫొటోలు తీసుకుని ఇక్కడితో కైజెన్ అయిపోయిందనుకుంటారు. అది పండక్కి ఇల్లు దులపడం లాంటిది, అంతే.

అసలు బలం మొదటి రెండింటిలో ఉంది. షెడ్డులో ఎప్పుడో పనికొస్తుందని దాచిన పాత చెయిన్లు, విరిగిన మడ్‌గార్డులు, ఖాళీ ఆయిల్ డబ్బాలు ఒక మూలకు చేర్చి, ప్రతిదానికీ తారీఖు రాసిన ఎర్ర చీటీ కట్టాలి. నెల రోజుల్లో ఎవరూ ముట్టుకోనిది కబాడీకి పోతుంది. ఈ తారీఖు చీటీ వల్ల గొడవ ఉండదు. ‘పనికొస్తుంది’, ‘రాదు’ అని వాదించుకోకుండా నెల గడిచాక చీటీయే చెబుతుంది. తర్వాత గోడకు ప్లైవుడ్ కొట్టి, పానాలు, స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు ఒక్కోదాన్నీ దాని మీద పెట్టి చుట్టూ పెయింట్‌తో గీత గీయాలి. సాయంత్రం షట్టర్ దించేముందు ఒక్కసారి గోడ చూస్తే చాలు. ఖాళీగా కనిపించిన బొమ్మే పోయిన పానా.

శుభ్రం చేయడమంటే కూడా నేల మెరిపించడం కాదు. గుడ్డతో మెషీన్ తుడిచేవాడి చేతికే ఆయిల్ కారుతున్న చోటు, వదులైన బోల్టు, చిట్లిన వైరు ముందుగా తగులుతాయి. కుట్టుమిషన్ షటిల్ దగ్గర పేరుకున్న నూలు పీచును రోజూ రెండు నిమిషాలు తీసేస్తే దారం తెగడం తగ్గుతుంది. టైలర్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. రద్దీలో గుర్తుండదు, అంతే.

ఉస్తాద్ తలలో ఉన్న అందాజా

చిన్న వ్యాపారాల్లో అన్నిటికంటే కష్టమైన భాగం ఇది. దుకాణం రుచి, దుకాణం కుట్టు ఉస్తాద్ తలలో ఉంటాయి. పిండిలో ఎంత వెన్న, మంట ఎప్పుడు తగ్గించాలి, గల్లా పట్టీ ఎక్కడ మడవాలి, అన్నీ అందాజా. ఆయన ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. ఒకరోజు ఆయనకు గల్ఫ్ వీసా వస్తుంది, లేదంటే పక్క వీధి వాళ్లు రెండు వేలు ఎక్కువ ఇస్తామంటారు. మర్నాటి నుంచి బిస్కెట్ అదే రంగులో ఉన్నా గిరాకీ ముఖం మారుతుంది.

కైజెన్‌లో పద్ధతి రాసిపెట్టడం తప్పనిసరి. నిన్న చేసిన మార్పు ఇవాళ ఎవరికీ గుర్తులేకపోతే రేపు మళ్లీ మొదటికొస్తుంది. రాసి ఉంటే దాని మీద నిలబడి ఇంకో మెట్టు ఎక్కవచ్చు. గ్రాముల్లో కొలత, నిమిషాల్లో సమయం, ఏ పని తర్వాత ఏ పని అన్నది ఒక పేజీలో గోడ మీద ఉంటే చాలు. చదవడం రాని కారీగర్ ఉంటే ఫొటోలు పెట్టవచ్చు. సరిగా కాలిన బిస్కెట్ రంగు ఇది, మాడినది ఇది అని రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ఏ భాషా అక్కర్లేదు.

అయితే ఉస్తాద్ ఎందుకు రాయనిస్తాడు? యజమానులు ఈ ప్రశ్న తమను తాము నిజాయితీగా వేసుకోవాలి. ఆ అందాజా ఆయన ఇరవై ఏళ్ల సంపాదన. అది కాగితం మీదికి వచ్చిన రోజు తనను తీసేసి సగం జీతానికి షాగిర్ద్‌ను పెట్టుకుంటారని ఆయన భయం. ఆ భయం అర్థంలేనిది కాదు, అలా జరిగిన దుకాణాలు అందరికీ తెలుసు. కాబట్టి కాగితం అడిగే ముందు యజమాని ఇచ్చేది ఏదో ఉండాలి. రాసిపెట్టినందుకు, షాగిర్ద్‌లకు నేర్పినందుకు విడిగా జీతం పెంచవచ్చు. తగ్గిన నష్టంలో ఆయనకు నెల నెలా ఇంత అని వాటా ఇవ్వవచ్చు. ఆయన్ని పని చేసేవాడి నుంచి పని నేర్పేవాడిగా మార్చవచ్చు. ఏదీ ఇవ్వకుండా రాయమంటే ఆయన రాస్తాడు గానీ, ఒక్క మెతుకు దాచుకునే రాస్తాడు. అందులో ఆయన తప్పేమీ లేదు.

రంజాన్ ఆర్డర్లు, చాంద్ రాత్ గొడవలు

టైలరింగ్ దుకాణాల్లో ఏటా ఒకే కథ జరుగుతుంది. రంజాన్ మొదటి వారం నుంచి వచ్చిన ప్రతి కుర్తా పైజామా ఆర్డరూ తీసుకుంటారు. వచ్చిన గిరాకీని పంపించేయడానికి మనసొప్పదు. చివరి అషరాలో కారీగర్లు సహరీ దాకా కుడతారు. చాంద్ రాత్ నాడు దుకాణం ముందు గొడవలు, సగం బట్టలకు కాజాలే ఉండవు. ఈద్ తర్వాత ఆ గిరాకీ మళ్లీ ఆ గడప తొక్కదు.

ఇక్కడ కావలసింది ఒక చిన్న కూడిక. నలుగురు కారీగర్లు, ఒక్కొక్కరు రోజుకు మూడు జతలు కుడితే రోజుకు 12. 25 రోజులకు 300. ఇందులో సరిచేతలకు, కరెంటు పోయిన గంటలకు, ఎవరికైనా జ్వరం వస్తే అని ఒక 30 పక్కన పెడితే 270 ఆర్డర్లు. 270 చీటీల పుస్తకం ఒకటే కుట్టించి, అది అయిపోగానే ‘ఆర్డర్లు ముగిశాయి’ అని బోర్డు పెట్టాలి. పుస్తకంలో చివరి చీటీ చింపిన రోజున యజమాని మనసు ఎంత పీకినా రెండో పుస్తకం ఉండదు. ఆ ఏడాది ఎన్ని వాయిదాలు తప్పాయో రాసుకుంటే వచ్చే ఏడాది 270 ఎక్కువో తక్కువో తెలుస్తుంది.

కొలతల సంగతి కూడా ఇంతే. కొలత ఒకరు తీసి, ఇంకొకరు రాసి, చీటీ డ్రాయర్‌లో పడేస్తే తప్పులు తప్పవు. అచ్చు వేసిన చీటీలో ప్రతి కొలతకూ ఒక గడి, ఏ గడీ ఖాళీగా ఉండకూడదు, చీటీని బట్టకే పిన్ను పెట్టాలి. ఇంత చేస్తేనే విప్పి కుట్టే బట్టలు ఎన్ని తగ్గాయో ఒక సీజన్‌లో లెక్క కనిపిస్తుంది.

సరుకు నిల్వ గురించి రెండు మాటలు చాలు. టొయోటా వాళ్లు అమెరికా సూపర్‌మార్కెట్లలో అరల పద్ధతి నుంచి ఒక ఆలోచన తీసుకున్నారు. అరలోంచి ఎంత పోయిందో అంతే మళ్లీ నింపడం, ఆ సంగతి వెనక్కి చెప్పడానికి ఒక కార్డు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణానికైనా ఇది సరిపోతుంది. రెండు-నాలుగు సైజు పెట్టెలో చివరి ఐదు డజన్ల పైన ఒక కార్డు పెట్టి, ఆ కార్డు బయటపడ్డ రోజే కార్ఖానాకు ఆర్డర్ పంపితే చాలు. చవగ్గా వస్తుందని ఒకేసారి గోదాము నింపితే డబ్బు గోదాములోనే కూర్చుంటుంది, ఫ్యాషన్ మాత్రం బయట మారిపోతుంది.

మిగిలిన డబ్బు ఎవరిది?

కైజెన్ గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా దాటవేసే ప్రశ్న ఇదే. నలుగురు చేసే పనిని ముగ్గురు చేయగలిగేలా పద్ధతి బాగుపడితే నాలుగోవాడి సంగతేమిటి? తన ఉద్యోగం పోయే సలహా ఏ మనిషీ ఇవ్వడు.

టొయోటా 1950లో దివాలా అంచుకు వెళ్లింది. పెద్ద సమ్మె జరిగింది. చాలామంది ఉద్యోగాలు వదిలి వెళ్లారు. కంపెనీ అధ్యక్షుడు కీచిరో టొయోడా బాధ్యత వహించి రాజీనామా చేశారు. ఆ దెబ్బ తర్వాత మిగిలిన కార్మికులకు ఉద్యోగ భద్రత మీద కంపెనీ మాట ఇచ్చింది. కార్మికుల సలహాలు తీసుకునే పద్ధతి అక్కడ 1951లో మొదలైంది. ముందు మాట, తర్వాత సలహా. ఈ వరుసలోనే చాలా ఉంది.

అలాగని టొయోటాను నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. సతోషి కమాతా అనే జపాన్ జర్నలిస్టు 1972లో అక్కడ తాత్కాలిక కార్మికుడిగా చేరి, లైన్ వేగం మనుషుల్ని ఎలా పిండేస్తుందో పుస్తకం రాశాడు. 2002లో 30 ఏళ్ల టొయోటా ఉద్యోగి ఒకరు పనిలో ఉండగానే కుప్పకూలి చనిపోయారు. భార్య కోర్టుకెళ్లారు. అది అతి పని వల్ల వచ్చిన మరణమేనని 2007లో నగోయా కోర్టు చెప్పింది. జీతం లేకుండా, ‘స్వచ్ఛందం’ పేరుతో క్వాలిటీ సర్కిల్ కోసం ఆయన చేసిన గంటలను కూడా పనిగానే లెక్కగట్టింది. మరుసటి ఏడాది నుంచి ఆ సమావేశాల సమయానికి పూర్తిగా జీతం ఇస్తామని కంపెనీ ప్రకటించింది.

మన దుకాణానికి ఇందులోంచి తీసుకోవలసినవి రెండున్నాయి. మెరుగుదల మీటింగ్ షట్టర్ దించాక కాదు, పని గంటల్లోనే పెట్టాలి. మెరుగుదల వల్ల ఎవరి పనీ పోదని యజమాని మొదటి రోజే అందరి ముందు చెప్పాలి, చెప్పింది నిలబెట్టుకోవాలి. నాలుగో మనిషి ఖాళీ అయితే హోమ్ డెలివరీ చూడవచ్చు, కొత్త సరుకు పెట్టవచ్చు, షాపు ఇంకో గంట తెరవవచ్చు. అతణ్ని ఇంటికి పంపితే ఆ నెల జీతం మిగులుతుంది, మిగతా ముగ్గురి నోళ్లు శాశ్వతంగా మూతపడతాయి.

మొదటి నెల

ఒక నోటుబుక్కు, ఒక పెన్ను దారానికి కట్టి కౌంటర్ దగ్గర కాకుండా పని జరిగే చోట వేలాడదీయాలి. ఆ నెల అంతా ఒక్క అంకె మాత్రమే రాయాలి. బేకరీలో మాడిన ట్రేలు, టైలర్ దగ్గర విప్పి కుట్టిన బట్టలు, షెడ్డులో మళ్లీ తిరిగొచ్చిన బండ్లు, ఇంట్లో కార్చోబీ పనిచేసే ఆడవాళ్లయితే తిరస్కరించిన పీసులు. ఏది ఎక్కువ బాధిస్తుందో అదొక్కటే. నాలుగైదు అంకెలు మొదలుపెట్టిన నోటుబుక్కులు రెండో వారానికే ఖాళీగా కనిపిస్తాయి. రాసేది యజమాని కాదు, పని చేసేవాడు. ఎక్కువ రాసినందుకు తిట్టారంటే మర్నాటి నుంచి అంకె తగ్గుతుంది, నష్టం తగ్గదు.

వారానికి ఒకసారి పావుగంట అందరూ నిలబడే మాట్లాడుకోవాలి. శుక్రవారం జుమా తర్వాత దుకాణం మళ్లీ తెరిచే వేళ చాలాచోట్ల అనుకూలంగా ఉంటుంది. అంకె ఎంతుంది, ఎందుకుంది, ఈ వారం ఏ ఒక్కటి మార్చి చూద్దాం? ఆ మూడు ప్రశ్నలే. యజమాని ఆ పావుగంటలో చివర మాట్లాడితే మంచిది. ఆయన ముందు మాట్లాడితే మిగతావాళ్లందరూ తలాడిస్తారు. సలహా పనికిరాకపోతే ఎందుకు పనికిరాలేదో చెప్పాలి. పనికొస్తే ఆ మార్పు పక్కన సలహా ఇచ్చినవాడి పేరు గోడ మీద రాయాలి.

ఇంత చేసినా కొన్నిటికి కైజెన్ మందు కాదు. గిరాకీ లేని వీధిలో పెట్టిన దుకాణాన్ని, ఎవరికీ అక్కర్లేని సరుకును, కిరాయే ఆదాయాన్ని మింగేసే చోటును ఐదు ‘ఎందుకు’లు కాపాడలేవు. అలాంటప్పుడు ఐదో జవాబు దుకాణం మార్చమనే చెబుతుంది.

సర్కారు సాయం

దీనికోసం కేంద్ర ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. ఎంఎస్ఎంఈ మంత్రిత్వ శాఖ 2023 మార్చి 10న ‘ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్’ పథకాన్ని ప్రారంభించింది. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. ఫైవ్ ఎస్, కైజెన్, కాన్‌బాన్ వంటివే ఇందులో నేర్పుతారు. నిపుణుడు వచ్చి దగ్గరుండి చేయించడానికి అయ్యే ఫీజులో 90 శాతం కేంద్రమే భరిస్తుందని పథకంలో ఉంది. నాణ్యత సర్టిఫికెట్ కోసం ‘జెడ్’ అనే ఇంకో పథకం ఉంది. దాని ఫీజులో సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహా వాటికి 50 శాతం రాయితీ ఇస్తారు. మహిళలు నడిపే సంస్థలకు పూర్తి రాయితీ ప్రకటించారు. ఇవి ప్రధానంగా తయారీ రంగానికి ఉద్దేశించినవి. బేకరీ, కుట్టు యూనిట్, గాజుల కార్ఖానా వాళ్లు చూసుకోదగ్గవి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు మంత్రిత్వ శాఖ పోర్టల్ చూసుకోవాలి.

చాలా కుటుంబ వ్యాపారాలు తమను ‘పరిశ్రమ’ అనుకోకపోవడం వల్లే ఇవి అందుకోలేకపోతున్నాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు, టర్నోవర్ పది కోట్ల లోపు ఉన్న ప్రతి సంస్థా సూక్ష్మ సంస్థే. వీధి చివరి బేకరీ కూడా అందులోకే వస్తుంది. ఈ పథకాలకు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్‌తో చేసుకునేది, పూర్తిగా ఉచితం. ఉద్యం సర్టిఫికెట్ ఇప్పిస్తామని వేలు అడిగే ఏజెంట్లు, అచ్చు ప్రభుత్వ సైట్‌లా కనిపించే ప్రైవేటు సైట్లు ఉన్నాయి. వాటికి ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. శిక్షణ కావాలంటే హైదరాబాద్ యూసుఫ్‌గూడలో జాతీయ ఎంఎస్ఎంఈ సంస్థ ఉంది. చిన్న పరిశ్రమల వాళ్లకు అక్కడ కోర్సులు నడుస్తుంటాయి. అక్కడికి వెళ్లేటప్పుడు ఒక నెల అంకెలు రాసిన ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్తే, ‘మా దుకాణం బాగుపడాలి’ అని కాకుండా ‘మా దగ్గర ఇన్ని ట్రేలు, ఈ వేళకు మాడుతున్నాయి’ అని అడగవచ్చు.